విద్యుద్ఘటము - తంత్రీనాదము

తీగ వాద్యమునకును విద్యుత్తునకును చుట్టరికము కలసి రమారమి నూరేండ్లు కావచ్చినది. ఈ చుట్టరికము వలన వాద్యమునకు కలిగిన లాభమేమో అందరును ఎరుగుదురు. వేయిమంది కూర్చున్న సభలో చిట్టచివరి వరుసవానికి సైతము మీటు స్పష్టముగా వినవచ్చుచున్నది. కలిగిన నష్టము మాత్రము అంతగా మాటకు రాదు. తంబుర భుజమున వేసికొని ఊరూర తిరిగిన గాయకునకు చెట్టునీడ చాలెను. విద్యుద్వాద్యము పట్టినవానికి అది చాలదు. గోడకు ప్లగ్గు ఉండవలెను. ప్లగ్గున కరెంటు ఉండవలెను. ఈ విధముగా పాట కరెంటు తీగకు కట్టువడినది. ఆ కట్టును విప్పి, నాదమును మరల ఆరుబయలికి తెచ్చిన వస్తువు బ్యాటరీ. దాని కథ ఎక్కడనో విదేశములలో ఆరంభమైనను, అందు చాల భాగము మన నాయుడుపేట చుట్టుప్రక్కలనే చూడవచ్చునన్నది ఈ ప్రసంగమున చెప్పదలచిన విషయము.

నాయుడుపేట స్వర్ణముఖీ తీరముననున్న ఊరు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీవరకు నెల్లూరు జిల్లాలో నుండి, నాటినుండి తిరుపతి జిల్లాలో చేరినది. మద్రాసు నుండి కలకత్తా పోవు రహదారియు, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోవు బాటయు ఇచ్చట కలియును. ఈ కూడలిలో నిలిచి చూచినచో ఉత్తరమున నెల్లూరు, దక్షిణమున తడ. ఈ రెండుచోట్ల టార్చిలైటులకును ట్రాన్సిస్టరులకును వాడు పొడి బ్యాటరీల పరిశ్రమ వెలసెను. పడమట తిరుపతి చేరువనున్న కరకంబాడిలో సీసపు బ్యాటరీలు తయారగుచున్నవి. ఆ దిక్కుననే లిథియం ఘటముల కర్మాగారమును వెలసినది. ఆగ్నేయమున సూళ్లూరుపేట దాటిన శ్రీహరికోట. అచ్చటినుండి ఆకాశమున కెగయు ప్రతి ఉపగ్రహమును తన కడుపున ఒక బ్యాటరీని మోసికొని పోవును. బ్యాటరీ వంశవృక్షములోని ముఖ్యమైన కొమ్మలు ఇంత చిన్న పరిధిలో కనబడు చోట్లు దేశమున ఎక్కువ లేవు.

వంశకర్త ఇటలీ దేశస్థుడైన వోల్టా. అతడు 1800వ సంవత్సరమున రాగి లేక వెండి బిళ్లలను, జింకు బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన గుడ్డముక్కల నుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును లోకమునకు చూపెను. తరువాత ఈ వంశము రెండు శాఖలయ్యెను. ఫ్రాన్సు దేశమున ప్లాంటే 1859లో సీసపు పలకలను ఆమ్లమున ముంచి, మరల మరల నింపుకొనదగిన సంచాయక ఘటమును నిర్మించెను. ఆ దేశస్థుడే యగు లెక్లాంషే 1866లో జింకు, మాంగనీసు భస్మములతో వేరొక ఘటమును చేసెను. జర్మనీలో గాస్నర్ దాని ద్రవమును ముద్దగా మార్చగా, ఇరువది యేండ్లకే అది ఒలికిపోని అనార్ద్ర ఘటమయ్యెను. మొదటిది కుండ వంటిది. ఖాళీ అయినపుడు నింపుకొనవచ్చును. రెండవది కొరివి వంటిది. జింకు తరిగినకొలది వెలిగి, తరిగిపోగానే పారవేయవలసినదే. ఈ కుండకును కొరివికిని నడుమ జరిగిన పోటీయే చేతపట్టు విద్యుత్తు చరిత్రయంతయు.

రేడియో కలిగిన గృహములకు ఈ పోటీ కొత్తది కాదు. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమయ్యెను. ఆనాడు మన పల్లెలలో చాలవానికి కరెంటు లేదు. అట్టి ఊళ్లలో రేడియో పలుకవలెనన్న బ్యాటరీ తప్పనిసరి. వాల్వుల రేడియోకు ఒక బ్యాటరీ చాలదు. వాల్వులోని తీగను ఎర్రగా కాల్చుటకు తక్కువ వోల్టులది ఒకటి, దానినుండి ప్రవాహమును లాగుటకు తొంబది వోల్టుల వంటిది మరియొకటి కావలెను. సంచాయక ఘటము నుపయోగించువారు అది దిగిపోయినపుడెల్ల దానిని సమీపపు పట్టణమునకు మోసికొనిపోయి ఛార్జి చేయించుకొని వచ్చెడివారు. పాట వినుటకే ఇంత శ్రమయైన కాలమున, పాడువాడు తన వాద్యమునకు బ్యాటరీ కట్టుకొనుట ఎవ్వరికిని తోచని మాట.

ఈ స్థితిని మార్చినది ట్రాన్సిస్టరు. 1947లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున పుట్టిన ఈ గింజంత వస్తువునకు కాల్చవలసిన తీగ లేదు. తొంబది వోల్టుల అవసరమును లేదు. 1954లో జేబున పట్టు ట్రాన్సిస్టరు రేడియో అమెరికా అంగళ్లకు వచ్చెను. ఆ రేడియోల కొరకే 1956లో తొమ్మిది వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ వెలువడెను. తలపై రెండు గుండీలుండు ఆ బ్యాటరీని చూడనివారుండరు. లోపల ఒకటిన్నర వోల్టుల ఘటములు ఆరు వరుసగా కూర్చబడియుండును. రేడియో నిమిత్తము పుట్టిన ఈ వస్తువే అటుపిమ్మట గిటారు వాదకుని కాలిక్రిందికి చేరెను.

అది చేరిన విధము వినదగినది. 1961 ప్రాంతమున అమెరికాలోని నాష్‌విల్ పట్టణమున మార్టీ రాబిన్స్ అను గాయకుని పాట రికార్డు చేయుచుండగా, యంత్రములో ఒక ట్రాన్స్‌ఫార్మరు చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన గిటారు ధ్వని బొంగురుపోయి, తేనెటీగల రొదవలె వినవచ్చెను. దానిని దోషమని తీసివేయక అట్లే ఉంచిరి. పాట జనాదరణ పొందగా, తక్కినవారును ఆ బొంగురునే కోరసాగిరి. చెడిన ట్రాన్స్‌ఫార్మరు ఎంతకాలము నిలుచును? కావున గ్లెన్ స్నాడీ అను ఇంజనీరు రెవిస్ హాబ్స్‌తో కలసి అదే ధ్వనిని ట్రాన్సిస్టరులతో పుట్టించు చిన్న పెట్టెను కల్పించెను. గిబ్సన్ సంస్థ దానిని మాయెస్ట్రో ఫజ్‌టోన్ అను పేర 1962లో విక్రయమునకు పెట్టెను. కాలితో నొక్కినచో మ్రోత మారును. మరల నొక్కినచో మామూలగును. మూడు ట్రాన్సిస్టరులు, ఒకటిన్నర వోల్టుల ఘటములు రెండు - దాని సంసారమంతయు ఇంతియే. తరువాత 1966లో లండను నుండి వెలువడిన ఫజ్‌ఫేస్ తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పనిచేసెను. జపానుకు చెందిన బాస్ సంస్థ 1977 నుండి చిన్న పెడళ్లను వరుసగా తయారుచేయసాగెను. తొమ్మిది వోల్టులే ఈ వర్గమునకంతకును కొలమానమై నేటికిని నిలిచినది.

పెడలు చేయు పని ఎట్టిదో ఒక మాట చెప్పవలెను. గిటారు తీగ ఉక్కుది. దాని క్రింద అయస్కాంతము, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్టయు నుండును. తీగ కదలినపుడు ఆ చుట్టలో అత్యల్పమైన విద్యుత్తు పుట్టును. అది పెద్ద ఆంప్లిఫయరును చేరుటకు ముందు పెడలు దానిని పట్టి, శిఖరములను కత్తిరించినచో బొంగురు నాదమగును. కొంచెము ఆలస్యముగా మరల వదలినచో ప్రతిధ్వని యగును. ఎత్తి దించినచో అలవలె ఊగును. ఇంత సున్నితమైన పనికి బలము స్వల్పమే చాలును. ఫజ్‌ఫేస్ వంటిది ఒక మిల్లీ ఆంపియరు ప్రాంతమున మాత్రమే తీసికొనును. ఒక్క బ్యాటరీ నెలలకొలది వచ్చుటకు కారణమిదియే. బ్యాటరీ వృథా కాకుండుటకు ఆ తయారీదారులు చేసిన ఉపాయమును మెచ్చదగినది. గిటారు తీగ దూర్చు రంధ్రమునే మీటగా చేసిరి. తీగ దూర్చినపుడే బ్యాటరీ వలయము పూర్తియగును, తీసినచో తెగును. తీయ మరచిపోయినవాడు తెల్లవారునప్పటికి చచ్చిన బ్యాటరీని చూడవలసివచ్చును.

విద్యుత్తు సహాయము వలన వాద్యము స్వభావమే మారుననుటకు తెలుగునాట ఒక గొప్ప ఉదాహరణము కలదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతమును వాయించెను. మాండలిన్ మీటు పుట్టినంత వేగముగ ఆరిపోవును. మన గమకమునకు నాదము నిలువవలెను. శ్రీనివాస్ జంటతీగలను విడిచి, ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, నాదమును నిలుపుకొనెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరి చేసిన ఆ బాలుడు 2014లో కన్నుమూయులోపల ఆ వాద్యమును లోకమంతట కర్ణాటక వాద్యముగా నిలబెట్టెను. విద్యుత్తు కేవలము బిగ్గరతనమునకు గాక, రాగస్వరూపమును కాపాడుటకును అక్కరకు వచ్చునని దీనివలన తేలుచున్నది. అట్టి వాద్యమునకు ఆధారము తెగినచో సగము రాగమే తెగిపోవును.

ఇక మన ప్రాంతపు పరిశ్రమల మాట. 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ జపానులోని మాత్సుషిటా సంస్థ సహకారముతో నెల్లూరున పొడి బ్యాటరీల తయారీకి పూనుకొనెను. నిప్పో అను పేర అవి ఇంటింటి ట్రాన్సిస్టరులోను, టార్చిలైటులోను చేరెను. పిమ్మట తడలోను ఆ సంస్థ కర్మాగారము వెలసెను. కొరివి శాఖకు చెందిన ఈ ఘటములు చౌక, ఎక్కడనైనను దొరకును. గిటారు పెట్టెలకు చాలకాలము ఇట్టి పొడి ఘటములే దిక్కు. అయితే 1980ల తరువాత పెడళ్లలో గణక యంత్రముల పద్ధతి ప్రవేశించెను. ప్రతిధ్వనిని అంకెలుగా మార్చి దాచుకొను పెడలు నూరు మిల్లీ ఆంపియరులను, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు త్రాగును. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీలో ఆల్కలైన్ రకమునకు సైతము సుమారు ఐదువందల మిల్లీ ఆంపియర్-గంటల శక్తి మాత్రమే యుండును. అదియు ఎక్కువ ప్రవాహము లాగినకొలది తగ్గును. అనగా ఒక్క కచేరికే బ్యాటరీ హారతి కర్పూరము. వాదకులు మరల గోడ ప్లగ్గునకు బందీలైరి.

కుండ శాఖవైపు చూచినచో సీసపు బ్యాటరీకి బలమునకు లోటు లేదు. పల్లెలలో మోటారు బ్యాటరీ పెట్టుకొని మైకు సెట్టు నడుపుట మనమెరిగినదే. తిరుపతి చేరువన గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమర రాజా సంస్థ నీరు పోయనక్కరలేని, మూతవేసిన సీసపు బ్యాటరీలను దేశమున ప్రచారములోనికి తెచ్చినవారిలో ముఖ్యము. 2000వ సంవత్సరమునుండి అమరాన్ అను పేర దాని మోటారు బ్యాటరీలు దేశమంతట వ్యాపించినవి. కాని సీసము సీసమే. దానిని భుజమున తగిలించుకొని వేదిక ఎక్కుట గాయకునకు శక్యము కాదు.

తేలికైన కుండకై వెదకిన వారిలో స్వీడన్ దేశస్థుడు యుంగ్నర్ ఒకడు. అతడు 1899లో నికెల్-కాడ్మియం ఘటమును నిర్మించెను. 1975 ఏప్రిల్ 19న నింగికెగసిన మన మొదటి ఉపగ్రహము ఆర్యభట లోపల నున్నవి ఈ జాతి బ్యాటరీలే. భూమినీడలో సూర్యరశ్మి అందని సమయమున అవి యంత్రములను నడుపవలెను. గిటారు పెడలునకు ఇవి కుదురునా యన్నచో ఒక చిక్కు కలదు. నికెల్ ఘటము ఒకటి ఇచ్చునది ఒకటింబాతిక వోల్టుకు కొంచెము తక్కువ. ఆరింటిని కూర్చినచో ఏడు వోల్టుల చిల్లర, ఏడింటిని కూర్చినచో ఎనిమిదిన్నరకు కొంచెము లోపు. పేరునకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ యనినను తొమ్మిది నిండదు. కొన్ని పెడళ్లు సర్దుకొనును. కొన్నిటి నాదము ముందుగనే నీరసించును.

ఈ చిక్కును విప్పినది లిథియము. 1970లలో విటింగ్‌హామ్ దారి చూపెను. 1980లో గుడినఫ్ కోబాల్టు సమ్మేళనమును కనుగొనెను. 1985లో జపానున యోషినో సురక్షితమైన నమూనాను సిద్ధపరచెను. 1991లో సోనీ సంస్థ దానిని అంగడికి తెచ్చెను. ఈ ముగ్గురు శాస్త్రజ్ఞులకును 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. లిథియం ఘటము ఒక్కటే మూడున్నర వోల్టులకు మించి యిచ్చును. ఎత్తున సీసమునకంటె అనేక రెట్లు తేలిక. ఈ విద్య మన పొరుగునకును వచ్చినది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ తాను అభివృద్ధి చేసిన లిథియం ఘటముల పరిజ్ఞానమును పరిశ్రమలకిచ్చుటకు 2018లో ముందునకు వచ్చి, పది సంస్థలను ఎంపిక చేసెను. వానిలో అమర రాజా ఒకటి. 2022 సెప్టెంబరులో తిరుపతిలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల వాడయందు మునోత్ సంస్థవారి లిథియం ఘటముల కర్మాగారము తొలి ఉత్పత్తి ఆరంభించినది. 165 కోట్ల రూపాయల వ్యయముతో, రోజునకు పది ఆంపియర్-గంటల ఘటములు 20,000 చేయగల శక్తితో అది ఏర్పడినట్లు నాడు ప్రకటించిరి.

చేతి టెలిఫోనులకు వాడు పవర్ బ్యాంకు ఇపుడు ఇంటింట నున్నది. గిటారు వాదకుడును దానినే ఏల వాడుకొనరాదు? వాడుకొనవచ్చును, లెక్క చూడుడు. 10,000 మిల్లీ ఆంపియర్-గంటలని వ్రాసియున్న పవర్ బ్యాంకులోని ఘటము 3.7 వోల్టులది. అనగా లోనున్న శక్తి 37 వాట్-గంటలు. దానిని తొమ్మిది వోల్టులకు ఎత్తినచో, దారిలోని నష్టము పోగా, రమారమి 3,300 మిల్లీ ఆంపియర్-గంటలు మిగులును. నాలుగైదు పెడళ్లు కలసి 300 మిల్లీ ఆంపియరులు తీసికొన్నను పది గంటలకు పైగా వచ్చును. ఒక హరికథాకాలక్షేపమునకును, ఒక రాత్రి భజనకును సరిపోయి ఇంకను మిగులును.

కాని ఇందు మూడు మెలికలు కలవు. పవర్ బ్యాంకు ఇచ్చునది ఐదు వోల్టులు. దానిని తొమ్మిది చేయు పరికరము లోపల సెకనుకు వేలకొలది పర్యాయములు తెరచి మూయుచుండును. అది సరియైనది కానిచో సన్నని ఈల పాటలో కలియును. రెండవది: ఫోను నిండినదని తలచి, ప్రవాహము తక్కువగా నున్నపుడు పవర్ బ్యాంకు తనంతట తాను నిద్రపోవును. ఒక మిల్లీ ఆంపియరు త్రాగు పెడలును అది లెక్కచేయదు. పాట నడుమ నాదము ఆగిపోవును. మూడవది: పాత జెర్మేనియం పెడళ్లలో కొన్నిటికి ధన ధ్రువమే నేల, తక్కినవానికి ఋణ ధ్రువము నేల. రెండింటిని ఒకే ఆధారమునకు కట్టినచో వలయము కురచయై పనిచేయదు. పాత పద్ధతిలో పెడలుకు ఒక బ్యాటరీ వేరుగా నుండుటచే ఈ బాధ లేకుండెను. ఈ కారణముల చేతనే ఒక్కొక్క పెడలునకు వేరువేరు మార్గములుగల ప్రత్యేక రీఛార్జి పెట్టెలు వచ్చినవి. బ్యాటరీ గొప్పతనము బలములో మాత్రమే లేదు, నిశ్శబ్దములోను కలదు. గోడ ప్లగ్గునుండి వచ్చు సెకనుకు యాబది ఆవృత్తుల హోరు దానిలో పుట్టదు.

పాత ఘటమునకు ఒక మర్యాదయు మిగిలియున్నది. పొడి బ్యాటరీ దిగినకొలది దాని వోల్టులు తగ్గి, లోపలి నిరోధము పెరుగును. ఆ నీరసమువలన బొంగురు పెడలు నాదము మెత్తబడును. ఆ మెత్తదనమునే కోరి సగము వాడిన బ్యాటరీలను దాచుకొను వాదకులున్నారు. జెర్మేనియం ట్రాన్సిస్టరు వేడికి స్వభావము మార్చుకొనును. మే నెల మధ్యాహ్నము నాయుడుపేటలో పలికిన తీరున అది జనవరి రాత్రి పలుకదు. వీణ తీగలును వాతావరణమును బట్టి సారించుకొనవలసినవే గదా! వాద్యమన్న పిదప ఇట్టి అలకలు తప్పవు.

ఇన్ని తరముల చరిత్రలో మనము విచారింపవలసిన విషయము ఒకటి కలదు. కొరివి శాఖలోని ప్రతి బ్యాటరీయు పాట ముగిసినపిమ్మట చెత్తకుప్పను చేరినది. రీఛార్జి బ్యాటరీ వందలకొలది పర్యాయములు మరల నిండును; కాని దానికిని అంత్యకాలము కలదు. సీసపు బ్యాటరీలను మరల సేకరించుటకు ప్రభుత్వము 2001లో నియమములు చేసెను. 2022 ఆగస్టులో వెలువడిన నియమములు అన్ని రకముల బ్యాటరీలకును వర్తించుచున్నవి. వాడిన బ్యాటరీలను తిరిగి తీసికొని, లోహములను వేరుచేయు బాధ్యతను అవి తయారీదారులపై నుంచినవి. నియమము కాగితముపై నుండుట వేరు, పేటలోని పాత సామానుల అంగడివాడు దానిని పాటించుట వేరు. ఉబ్బిన లిథియం ఘటమును చెత్తలో వేసినచో అది నలిగి అంటుకొనును. కాడ్మియము, సీసము నేలలో దిగినచో నీటిని చెరచును. స్వర్ణముఖి ఇసుకలో ఊటనీరు త్రాగు గ్రామములకు ఇది దూరపు మాట కాదు.

పాటను గోడ ప్లగ్గునుండి విడిపించుటకు రెండువందల ఇరువది యేండ్లకు పైగా మనుష్యుడు పాటుపడినాడు. ఆ ఫలము నేడు అరచేతిలో ఇముడుచున్నది. తీరవాసులకు అది పొరుగున తయారగు సరకు. బడిలో గిటారు నేర్చుకొను పిల్లవాడు కరెంటు పోయిన రాత్రి వాయింపవచ్చును. తిరునాళ్లలో గుడిముందరి మైదానమున నిలిచి వాయింపవచ్చును. వాని పెడలు క్రింద వెలుగు చిన్న దీపము వెనుక వోల్టా బిళ్లలు, పల్లెలోని రేడియో బ్యాటరీ, నెల్లూరి పొడి ఘటము, ఆర్యభట కడుపులోని నికెల్ - అన్నియు నున్నవి. కొనునపుడు వోల్టులను, ధ్రువములను చూచి కొనుట వాని పని. ఆయువు తీరిన ఘటమును చెత్తకుప్పకు గాక అమ్మినవానికే తిరిగి యిచ్చుట, ఆ బ్యాటరీని కొనిపెట్టిన పెద్దల పని.